ఇంటి తుపాకి – సర్కారు పుస్తకం

బేగంపేటలో మా ఇంటి వెనుక గదిలో గోడకు బిగించిన ఇనుప బీరువా ఒకటి ఉన్నది. ఇంటికి వచ్చిన బంధువులు అందులో నగలున్నవని అనుకుంటారు. నగలు లేవు. జోడు గొట్టాల పన్నెండు బోరు తుపాకి ఒకటి ఉన్నది. మా తాతగారు దానిని 1963లో కొన్నారు. మెదక్ జిల్లాలో నర్సాపూర్ అడవి అంచున ఆయనకు కొద్దిపాటి సేద్యం ఉండేది. మొక్కజొన్న కంకి పాలుపోసుకునే రోజులలో అడవిపందులు మందకట్టి వచ్చి ఒక్క రాత్రిలో చేను చేనంతా తొక్కి పోయేవి. తాతగారు మంచె మీద జాగారం చేసి, ఆకాశం వైపు ఒక తూటా పేల్చి, వాటిని తరిమేవారు. తరువాత పొలం చేయి జారినది. తుపాకి మాత్రం తాతగారి వెంట బేగంపేటకు వచ్చి, ఆయన తరువాత నాన్నగారికి, నాన్నగారి తరువాత నాకు సంక్రమించినది.

ఈ పూట నేను మాట్లాడదలచినది ఆ తుపాకిని గురించి సర్కారు వ్రాసి ఉంచుకున్న పుస్తకాన్ని గురించి. ముందుగా ఒక మనవి. ఇది ఒక తుపాకి యజమాని సొంత అభిప్రాయం. నేను పనిచేసే సంస్థకు దీనితో నిమిత్తం లేదు. తుపాకి గలవాడు తుపాకుల లెక్కను శంకించడం, దొంగ తాళంకప్పను శంకించడం వంటిదని మీలో కొందరికి తోచవచ్చు. తోచినా కొంచెంసేపు వినండి.

మన దేశంలో తుపాకి ఉంచుకొనుట హక్కు కాదు, అనుమతి. 1959లో పార్లమెంటు చేసిన ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1వ తేదీ నుండి అమలులోకి వచ్చినది. దాని ప్రకారం మనిషికి లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సులో తుపాకి ఏ జాతిదో, ఏ బోరుదో, దాని మీద చెక్కిన సంఖ్య ఏదో ఎక్కాలి. ఆ సంఖ్యే కార్యాలయపు పుస్తకంలోను ఎక్కాలి. మనిషికి అనుమతి ఇచ్చుట ఒక పని. వస్తువును నమోదు చేయుట ఇంకొక పని. రెండూ ఒకే కాగితం మీద ఉండడం వలన ఒకటే అనుకుంటాము. మొదటి పనితో నాకు పేచీ లేదు. అడిగినవాని మతి నిలకడగా ఉన్నదా, వెనుక నేరచరిత్ర ఏమైనా ఉన్నదా, ఇంటిలో కలహాలున్నవా అని ఎంత గట్టిగా విచారించినా నేను కాదనను. నా సందేహమంతా రెండవ పనిని గురించి.

సందేహం నాకు ఊరక కలుగలేదు. నాన్నగారు 2014లో కాలం చేసినారు. యజమాని పోయిన తరువాత లైసెన్సు లేని వారసుని ఇంట తుపాకి ఉండరాదు. చట్టంలోని 21వ విభాగం ప్రకారం దానిని పోలీసు స్టేషనులోగాని, లైసెన్సు గల వర్తకుని వద్దగాని అప్పగించాలి. దినవారాలు ముగిసిన వెంటనే నేను దానిని ఒక వర్తకుని వద్ద ఒప్పజెప్పి రసీదు తీసుకొని, నా పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టినాను. కొన్ని నెలలకు పిలుపు వచ్చినది. ఏ కార్యాలయమో చెప్పను. చెప్పి ప్రయోజనం లేదు. బల్ల వెనుక ఉన్న గుమాస్తా మర్యాదస్థుడు. పుస్తకం తిప్పి చూసి, రసీదు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"సార్, పుస్తకం ప్రకారం ఇది మీ తుపాకి కాదు" అన్నాడు.

"మరి మా తుపాకి ఏది?" అన్నాను.

"అది మీరే చెప్పాలి" అన్నాడు.

పుస్తకంలో సంఖ్య ఉన్నది. తుపాకి మీద సంఖ్య ఉన్నది. అయిదు అంకెలలో నాలుగు కలిసినవి. మా తుపాకి మీద మూడు ఉన్న చోట పుస్తకంలో ఎనిమిది ఉన్నది. ఎప్పుడో పాత పుస్తకం చినిగిపోతే కొత్త పుస్తకంలోకి ఎత్తి వ్రాసినారు. ఎత్తి వ్రాసినవాని చేయి ఒకచోట గుండ్రంగా తిరిగినది. అంతే జరిగినది. కాని ఆ తరువాత పుస్తకాన్ని కంప్యూటరులోకి ఎక్కించినప్పుడు ఆ ఎనిమిది ఎనిమిదిగానే ఎక్కినది. చేతివ్రాతలో ఉన్నంత కాలం కళ్లు చికిలించి మూడేమో అని సందేహించడానికైనా వీలుండేది. అచ్చులోకి వచ్చిన తరువాత ఆ వీలు కూడ పోయినది.

ఇది నవ్వుకొని వదలిపెట్టవలసిన సంగతి కాదా అనవచ్చును. కాదు. ఆయుధ చట్టంలో 8వ విభాగం ఒకటి ఉన్నది. తుపాకి మీద సంఖ్యను చెరపడం, మార్చడం నేరమని అది చెప్పుతున్నది, న్యాయమే. చెరిగిన సంఖ్య గల తుపాకి ఎవని వద్ద దొరికినదో వాడే దానిని చెరిపినాడని, కాదని రుజువయ్యే వరకు భావించవలెనని కూడ అదే విభాగం చెప్పుతున్నది. మా తుపాకికి అప్పటికి అర్ధశతాబ్దం దాటినది. మూడు చేతులలో పెరిగినది. నూనెగుడ్డతో తుడిచి తుడిచి ఆ అంకెలు అరిగి ఉన్నవి. పుస్తకంలో ఒక సంఖ్య, తుపాకి మీద అరిగిన ఇంకొక సంఖ్య. ఆ బల్ల ముందు నిలబడినప్పుడు నేను తాతగారి మనుమడినా, సంఖ్య మార్చిన తుపాకి పట్టుకొచ్చిన అపరిచితుడినా అన్నది తేలలేదు. రుజువు చేసుకోవలసినవాడను నేను. తప్పు వ్రాసిన పుస్తకం ఏమీ రుజువు చేసుకోనక్కరలేదు.

అది తేలడానికి రెండేళ్లు పట్టినది. తేల్చినవారు ఇద్దరు. ఒకరు వర్తకుని దుకాణంలోని ముసలి మిస్త్రీ. ఆయన కిరసనాయిలు గుడ్డతో జిడ్డు తీసి, అంకెల మీద సుద్దపొడి రాసి, పైపైన తుడిచివేసినాడు. గాడిలో నిలిచిన సుద్ద తెల్లగా మూడై కనిపించినది. రెండవవారు మా నాయనమ్మ. ఆవిడ పోయి చాలాకాలమైనది. కాని ఆవిడ ట్రంకుపెట్టెలో పాత పంచాంగాల నడుమ 1963 నాటి కొనుగోలు రసీదు మడతపెట్టి ఉన్నది. దాని మీద మూడు మూడుగానే ఉన్నది. సర్కారు దస్తరం తప్పిన అంకెను, అక్షరం రాని ముసలావిడ పెట్టె తప్పకుండా దాచినది. గుమాస్తా కూడ సంతోషించినాడు. ఎర్ర సిరాతో దిద్ది, దిద్దిన చోట పై అధికారి సంతకం చేయించినాడు. ఆయన మీద నాకు కోపం లేదు. వేల సంఖ్యలు ఎత్తి వ్రాసే చేయి ఎక్కడో ఒకచోట తప్పుతుంది. ఆ తప్పు భారం ఎవరి నెత్తిన పడుతున్నది అన్నదే ప్రశ్న.

ఈ పుస్తకాలు మన దేశంలో ఎందుకు పుట్టినవో తెలిస్తే ఆ భారం ఎందుకు ఇటువైపే ఒరిగి ఉన్నదో తెలుస్తుంది. 1857 తరువాత తెల్లదొరలకు నిద్ర పట్టలేదు. లిట్టన్ ప్రభువు రాజప్రతినిధిగా ఉన్న 1878లో రెండు చట్టాలు వచ్చినవి. దేశభాషా పత్రికల నోరు కట్టినది ఒకటి. దేశీయుల చేతి ఆయుధానికి లైసెన్సు అడిగినది రెండవది. రెండవదాని నుండి ఐరోపావారికి మినహాయింపు. కొన్ని బిరుదులవారికి, కొడగు జాతివారికి మినహాయింపు. మిగిలిన దేశమంతా అనుమానితుల జాబితా. 1918లో ఖేడా జిల్లాలో సైన్యంలో చేరండని ప్రచారం చేస్తూ గాంధీ మహాత్ముడు, ఆంగ్ల పాలన చేసిన అపచారాలలో ఒక జాతిని నిరాయుధం చేసిన ఆ చట్టమే అన్నిటికంటె నల్లనిదిగా చరిత్రలో నిలుస్తుందన్న అభిప్రాయం వెలిబుచ్చినారు. అహింసావ్రతుడు అన్న మాట కాబట్టి అది ఆలోచించదగినది. ఆయనకు తుపాకి మీద మోజు లేదు. నమ్మకం లేకుండా పాలించడం మీద రోత.

1931లో కరాచీ కాంగ్రెసు ప్రకటించిన ప్రాథమిక హక్కులలో నిబంధనలకు లోబడి ఆయుధం ధరించే హక్కు ఒకటి. స్వరాజ్యం వచ్చిన తరువాత, 1948 డిసెంబరులో, రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దానిని గుర్తుచేసి, ప్రాథమిక హక్కులలో చేర్చమని సవరణ తెచ్చినారు. అంబేడ్కరుగారు ఒప్పుకోలేదు, సభ కూడ ఒప్పుకోలేదు. నా తూకంలో అంబేడ్కరుగారి మాటే సరియైనది. దేశవిభజన రక్తం ఇంకా ఆరని రోజులవి. అందరికీ ఆయుధం హక్కు అని వ్రాసి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి భయం వేస్తున్నది. కాని 1959 చట్టం తెచ్చినప్పుడు ప్రభుత్వం తన ఉద్దేశాన్ని స్పష్టంగానే చెప్పినది: పరాయి పాలకులు పెట్టిన కట్టడి ఇకపై చట్టానికి కట్టుబడిన పౌరునికి అక్కరలేదని, పంట రక్షణకు, క్రీడకు, ఆత్మరక్షణకు ఆయుధం కోరేవానికి అది అందుబాటులో ఉండాలని. ఉద్దేశం మారినది. పుస్తకం చూపు మాత్రం 1878 నాటి చూపుగానే ఉండిపోయినదేమో అని నా అనుమానం.

మా ఊరి సంగతి కొంచెం చెప్పనివ్వండి. సికిందరాబాదు తుపాకుల వెంట పుట్టిన ఊరు. 1798లో నిజాముకు ఈస్టిండియా కంపెనీకి సైనిక సహాయపు ఒడంబడిక కుదిరిన తరువాత హుస్సేనుసాగరానికి ఉత్తరాన కంపెనీ పటాలాలు దిగినవి. 1806లో ఆ మకాముకు సికందర్ జా పేరు పెట్టినారు. బేగంపేట నిజాము కుమార్తె ఒకామెకు పెండ్లిలో అరణంగా ఇచ్చిన భూమి అని ప్రతీతి. ఆమెను చేసుకున్న పాయగా వంశంవారు నిజాము కొరకు సొంత పటాలాలు పోషించినవారు. జాగీర్దారుల బిడ్డల కొరకు 1923లో స్థాపించిన కళాశాల ఇక్కడే ఉన్నది. 1949లో జాగీర్లు రద్దయిన తరువాత అది హైదరాబాదు పబ్లిక్ స్కూలుగా మారినది. ఈ దేవిడీలలోను, పల్లెల్లో దొరల గడీలలోను తుపాకి గోడకు వ్రేలాడే ప్రతిష్ఠ. ఎవరింట తుపాకి ఉన్నదో తెలుసుకోవడానికి ఊరిలో ఎవరికీ పుస్తకం అక్కరలేకపోయినది.

ఆ తుపాకులు ఏమయినవి? 1946 నుండి 1951 వరకు తెలంగాణంలో జరిగిన సాయుధ పోరాటంలో రైతులు గడీల మీదికి పోయి కొన్ని తీసుకున్నారు. రజాకార్ల చేతిలో కొన్ని ఉండేవి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చినప్పుడు వారు పారవేసినవాటిలో కొన్ని దళాల చేతికి చిక్కినవి. తరువాత కొన్ని సర్కారుకు చేరినవి, కొన్ని మట్టిలో కలిసినవి. అయిదేళ్లలో చేతుల నుండి చేతులకు మారిన ఆ తుపాకుల వెంట ఏ పుస్తకమూ నడవలేదు. లెక్క చక్కగా నడిచేది కదలని తుపాకికే.

తెలుగుదేశంలో తుపాకుల అప్పగింతకు అన్నిటికంటె నిజాయితీగల పద్దు వ్రాసినవాడు ఎవరని అడిగితే నేను అల్లూరి సీతారామరాజు పేరు చెప్పుతాను. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడిచేసి తుపాకులు తీసుకుపోయినప్పుడు, తీసుకున్న ఆయుధాల జాబితా స్టేషను పుస్తకంలో వ్రాసి సంతకం చేసినాడని చెప్పుతారు. సర్కారు పుస్తకం అప్పుడు పరమ శుద్ధంగా ఉన్నది. తుపాకులే లేవు.

మా పక్కింట ఒక విశ్రాంత అధికారి ఉన్నారు. సాయంకాలాలు ఆయనతో ఈ వాదం నడుస్తుంటుంది. "బస్సుకు నంబరు ఉన్నది, స్కూటరుకు నంబరు ఉన్నది, మీ తుపాకికి నంబరు ఉంటే మీకెందుకయ్యా అంత బాధ?" అని ఆయన ప్రశ్న. మంచి ప్రశ్నే. స్కూటరు నంబరు వీథిలో అందరికీ కనిపిస్తుంది. నంబరు లేని స్కూటరు కూడలిలో పోలీసు కంటికి ఇట్టే దొరుకుతుంది. లేకపోవడమే దాని నేరాన్ని చాటుతుంది. తుపాకి వీథిలో తిరగదు. నంబరు గల తుపాకి బీరువాలో ఉంటుంది. నంబరు లేనిది చొక్కా క్రింద ఉంటుంది. పుస్తకం తెరిచి ఎంత చదివినా ఆ రెండవది అందులో కనిపించదు. ఆ పుస్తకంలోకి ఎక్కేవాడు ఎక్కడానికి ఇష్టపడినవాడు మాత్రమే. జాతీయ నేర నమోదు సంస్థ ఏటేటా వెలువరించే పట్టికలు చూడండి: తుపాకితో జరిగిన హత్యలలో లైసెన్సు గల తుపాకి వంతు కొంచెమే, లైసెన్సు లేనిదాని వంతు ఎంతో ఎక్కువ. బీహారులో ముంగేరు ఉన్నది. మీర్ ఖాసిం నవాబు 1760ల తొలి యేళ్లలో తన రాజధానిని అక్కడికి మార్చి తుపాకుల కర్మాగారం పెట్టినప్పటి నుండి ఆ ఊరి చేతులకు ఆ పని తెలుసు. లైసెన్సు గల పనివారు అక్కడ ఉన్నారు. పెరటి కొలిమిలో తపంచాలు చేసేవారూ ఉన్నారు. అంత దూరం పోనక్కరలేదు. మన ఆదిలాబాదు అడవులలోను, విశాఖ మన్యంలోను నాటు తుపాకి ఎవరి గుడిసె చూరులో ఉన్నదో ఏ కంప్యూటరుకూ తెలియదు. పోలీసులు అప్పుడప్పుడు పల్లెలకు పోయి, కేసు పెట్టము, తెచ్చి ఇవ్వండని నచ్చజెప్పి కొన్ని పోగుచేస్తుంటారు. ఆ పని నాకు పుస్తకం కంటె విలువైనదిగా తోస్తుంది. అక్కడ పోలీసు కాలినడకన పోయి మనిషితో మాట్లాడుతున్నాడు.

అడవి మాట వచ్చినది కనుక ఇంకొక పుస్తకం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 34వ విభాగం ప్రకారం, అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల నివసించే లైసెన్సుదారు అటవీశాఖ వద్ద కూడ వేరుగా పేరు నమోదు చేసుకోవాలి. ఉద్దేశం మంచిది. కాని రాత్రి వేళ ఉచ్చుకు కరెంటు తీగ తగిలించేవాడు నమోదు చేసుకోడు. ఎన్ని పుస్తకాలు పెట్టినా ఎక్కేది ఆ పది పేర్లే.

పక్కింటి ఆయన ఊరుకోరు. "ఇతర దేశాలు పిచ్చివా?" అంటారు. ఇతర దేశాల అనుభవం రెండంచుల కత్తి. ఒక అంచు నా వైపు కూడ ఉన్నది కనుక దాచకుండా చెప్పుతాను. 1989 డిసెంబరు 6న కెనడాలో మాంట్రియల్ నగరపు ఇంజనీరింగు కళాశాలలో ఒకడు చట్టబద్ధంగా కొన్న తుపాకితో పద్నాలుగు మంది స్త్రీలను చంపినాడు. ఆ దుఃఖం నుండి 1995లో చట్టం పుట్టినది: దేశంలోని ప్రతి పొడుగు తుపాకి నమోదు కావాలి. ఫీజులు పోను సర్కారుకు నికరంగా ఇరవై లక్షల డాలర్లు మాత్రమే ఖర్చవుతుందని మొదట చెప్పినారు. ఆ లెక్క నూరు కోట్లు దాటుతున్నదని 2002లో ఆ దేశపు ఆడిటరు జనరల్ నివేదించినారు. 2012లో పొడుగు తుపాకుల నమోదును రద్దుచేసినారు. చేతి తుపాకుల నమోదు 1934 నుండి ఉన్నది, దానిని ముట్టుకోలేదు. మరొకవైపు న్యూజిలాండు. అక్కడ పొడుగు తుపాకుల పుస్తకం తప్పులతో నిండి పనికిరాకుండా పోయినదని, తుపాకిని గాక మనిషిని పరీక్షిస్తే చాలునని, 1983లో నమోదును మానివేసినారు. అచ్చముగా నా వాదమే. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చి నగరంలో మసీదులలో ప్రార్థన చేసుకుంటున్న 51 మందిని ఒకడు కాల్చిచంపినాడు. వానికి లైసెన్సు ఉన్నది. మనిషిని పరీక్షించి ఇచ్చిన లైసెన్సే. 2023 జూన్ నుండి అక్కడ మళ్లీ తుపాకుల పుస్తకం తెరిచినారు.

ఈ రెండవ కథ నాకు జవాబు చెప్పరాని కథ. పుస్తకం ఉంటే వాడు ఆగేవాడని నేను అనుకోను. అతడెన్ని తుపాకులు కూడబెట్టుకుంటున్నాడో ఎవరైనా ముందుగా చూసేవారేమో అని మాత్రం అనుకుంటాను. చూసే కన్ను ఉంటేనే ఆ మాట. తుపాకి దొంగతనానికి పోయినప్పుడు, ఎక్కడో దొరికినప్పుడు, అది ఎవరిదో చెప్పగలిగేది పుస్తకమే అని కూడ ఒప్పుకుంటాను. ఇంటి తుపాకి ఇంటివారినే బలితీసుకునే సంగతి కూడ ఉన్నది. కోపం వచ్చిన రాత్రి, బ్రతుకు మీద విసుగు పుట్టిన రాత్రి, చేతికందే దూరంలో తుపాకి ఉండడం ఎంత ప్రమాదమో తుపాకి ఉన్న ఇంటివారికే తెలుసు. ఆ కారణం చేతనే మా ఇంట తూటాలు ఒక తాళంలో, తుపాకి ఇంకొక తాళంలో ఉంటవి. రెండవ తాళంచెవి నా భార్య వద్ద ఉంటుంది. అది ఎక్కడ ఉంచుతుందో నేను ఇంతవరకు అడగలేదు. ఈ ఏర్పాటును గురించి ఏ కార్యాలయంలోను నన్ను ఎవరూ ఒక్క ప్రశ్న అడుగలేదు. సంఖ్యను గురించి మాత్రం రెండేళ్లు అడిగినారు.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా మాకు ఇంకొక పరీక్ష. ఎన్నికల సంఘం సూచనలలో, ప్రతి లైసెన్సును విడివిడిగా పరిశీలించి, జామీను మీద ఉన్నవారు, నేరచరిత్ర గలవారు, వెనుకటి ఎన్నికలలో అల్లరి చేసినవారు, ఇటువంటివారి ఆయుధాలు తీసుకొనవలెనని ఉన్నది. పుస్తకం నిజంగా పనికివచ్చే చోటు ఇది. ఎవరు ఎటువంటివారో విడదీయడానికే గదా పుస్తకం? కాని విడదీయుట కష్టమైన పని. అందరినీ రమ్మనుట తేలిక. 2023 నవంబరులో శాసనసభ ఎన్నికలకు, 2024 మేలో లోక్‌సభ ఎన్నికలకు, సంవత్సరం తిరుగక ముందే రెండుమార్లు, తాతగారి తుపాకిని దుప్పటిలో చుట్టుకొని పోయి అప్పగించి వచ్చినాను. ఒకసారి తిరిగి తెచ్చుకున్నప్పుడు కుడి గొట్టంలో తుప్పు కనిపించినది. రసీదులో సంఖ్య సరిగానే ఉన్నది. తుప్పుకు రసీదులో గడి లేదు.

మా పెదనాన్నగారి కథ ఒకటి చెప్పి ముగిస్తాను. ఆయనకు మూడు తుపాకులుండేవి. 1959 చట్టం మూడింటి వరకు ఒప్పుకునేది. 2019లో ఆ చట్టానికి సవరణ వచ్చినది. డిసెంబరు 14 నుండి అమలు. ఆ సవరణలో మంచి విషయాలు ఉన్నవి. దొంగచాటుగా ఆయుధాలు తయారుచేసేవానికి శిక్ష యావజ్జీవం వరకు పెంచినారు. పెండ్లి ఊరేగింపులలో సంబరంగా తుపాకి పేల్చడం నేరమన్నారు. లైసెన్సు గడువు మూడేళ్ల నుండి అయిదేళ్లు చేసినారు. దానితో పాటు, మనిషికి రెండు తుపాకులే అన్నారు. పితృార్జితమైనా రెండే. మూడవది ఏడాదిలోగా అప్పగించాలి.

పెదనాన్నగారికి అప్పటికి ఎనభై దాటినవి. మూడింటిలో ఒకటి తండ్రిది. దాని మీట ఎప్పుడో విరిగినది, పేలదు. ఒకటి మామగారిది, దాని గొట్టం సొట్ట పడినది, అదీ పేలదు. మూడవది ఆయన తన తొలి జీతపు రాళ్లతో కొనుక్కున్నది, గడియారంలా పనిచేసేది. ఆయన మూడింటినీ మంచం మీద వరుసగా పెట్టించుకొని ఒక పూటంతా చూస్తూ కూర్చున్నారు. చివరకు మూడవదానిని తీసుకుపొమ్మన్నారు. "పెద్దవాళ్లవి ఇవ్వలేనురా, నాది నేను ఇవ్వగలను" అన్నారు. పేలే తుపాకి సర్కారుకు పోయినది. పేలని రెండు ఇంట మిగిలినవి. పుస్తకంలో మూడు కొట్టివేసి రెండు వేసినారు.

ఆ పుస్తకాన్ని తగులబెట్టమని నేను అనను. దానిలో నా పేరు ఉండడానికి నాకు అభ్యంతరం లేదు, ఇన్నేళ్లుగా ఉన్నది. అయిదేళ్లకొకసారి నేను కాగితాలు మోసుకొని వెళ్లేటప్పుడు, పుస్తకం తెరిచినవారు తుపాకిని కూడ ఒకసారి చేతిలోకి తీసుకొని చూడాలి, సంఖ్య చదవాలి, తాళం ఎక్కడ వేస్తున్నావని అడగాలి. ఎత్తి వ్రాసేటప్పుడు పడిన తప్పుకు ఎత్తి వ్రాసిన కార్యాలయం పూచీ పడాలి. అరిగిన అంకెకు ముసలి తుపాకి యజమానిని దోషిగా భావించే ముందు పాత పుస్తకం తెప్పించి చూడాలి. ఇంత శ్రమకు మనుషులు చాలరంటే, ఆ పుస్తకం వలన దేశం నిర్భయంగా నిద్రపోతున్నదని మాత్రం నాతో చెప్పకండి. పక్కింటి ఆయన దీనికి ఇంకా సమాధానం చెప్పలేదు. చెప్పుతానన్నారు.

నా లైసెన్సు గడువు దగ్గరపడినది. మొన్న ఆదివారం బీరువా తెరిచి, తుపాకిని విప్పి, గొట్టాలలో నూనెగుడ్డ ఆడించి, మిస్త్రీ చూపిన పద్ధతిలోనే అంకెల మీద సుద్దపొడి రాసి తుడిచినాను. ప్రక్కన కూర్చున్న మా అమ్మాయిని చదవమన్నాను. కిటికీ వెలుగుకు త్రిప్పి, వంగి, మెల్లగా అయిదు అంకెలు చదివినది. నాలుగవదాని వద్ద ఆగి, "నాన్నా, ఇది మూడేనా?" అన్నది. ఈసారి వెళ్లేటప్పుడు సంచిలో భూతద్దం కూడ పెట్టుకోవాలి; నాయనమ్మ రసీదు నకలు రెండు ప్రతులు తీయించినాను.